మూడో గడి లేని కాగితం

ఇలా దగ్గరికి జరగండి. కాఫీ పొయ్యి మీదే ఉంది, కావలసినవాళ్ళు పోసుకోండి. బయట మంచు చూశారుగా, ఇప్పట్లో ఎవరూ ఎక్కడికీ కదిలేది లేదు. అర్లిస్ టొలెఫ్సన్ సంగతి చెబుతాను. అరచేయంత పళ్ళచక్రం ఒకటి విరిగిపోతే, దాన్ని బాగుచేయించడానికి ఒక మనిషికి ఐదు నెలలు ఎలా పట్టిందో వినండి.

అర్లిస్ మన బడి వంటగదిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు చేసింది. బుధవారం వస్తే మాంసం, చిక్కుడుగింజల కారపు కూర చిల్లీ, దాల్చినచెక్క పూసి చుట్టిన తీపి రొట్టె, మేం చుట్ట అంటాం, రెండూ ఒకే పళ్ళెంలో. చుట్టను చిల్లీలో ముంచుకు తినే జట్టొకటి, చివరిదాకా దాచుకుని తినే జట్టొకటి. ఈ రెండు జట్ల మధ్య సంబంధాలు కలుపుకునేముందు కాస్త ఆలోచించుకోవాలని అర్లిస్ వేళాకోళమాడేది. మూడువందల నలభై చుట్టలు, తెల్లవారుజామున పిండి కలిపితే పదకొండింటికి పొయ్యిలోంచి బయటికి. అంత పిండి చేత్తో కలిపేది కాదు కదా. గోడవారగా భుజమెత్తు మిక్సర్ ఉండేది, బూడిదరంగుది, అర్లిస్ చేరేనాటికే పాతది. దాని మోత వినిపిస్తే పిల్లలు కిటికీ అవతలే ఈరోజు ఏ వారమో చెప్పేవారు.

నవంబరు రెండో వారంలో ఆ మిక్సర్ ఒక్కసారి గొంతు పట్టినట్టు గరగరమని ఆగిపోయింది. లోపల పళ్ళచక్రానికి పళ్ళు నాలుగు ఊడిపోయాయి.

అర్లిస్‌కు అది ఆఖరి ఏడు. మే నెలలో దిగిపోతుంది. ఆమె భయమంతా ఒక్కటే. మిక్సర్ ఆగిపోయి, బయటినుంచి గడ్డకట్టిన చుట్టలు పెట్టెల్లో రావడం ఒకసారి అలవాటైతే, తర్వాత వచ్చే వంటమనిషి పిండి ముట్టుకోదు. ఆమె చేతిలో పెట్టి వెళ్ళాలనుకున్నది వంటగది; పెట్టి వెళ్ళాల్సి వచ్చేది మంచుపెట్టె.

మరుసటి రోజే బడి లెక్కలూ కొనుగోళ్ళూ చూసే లైల్ కొపెకీ గదికి వెళ్ళింది. లైల్ ఆమె చేతి చుట్టలు తిని పెరిగినవాడే. దాచుకునే జట్టు.

“లైల్, పడమట ఐదు గంటల దూరంలో ఫిస్క్ అని ఒకాయన ఉన్నాడు. ఈ పాత మిక్సర్లకి చక్రాలు కోసేది రాష్ట్రం మొత్తానికి ఆయనొక్కడే. ఫోన్ చేశాను. పద్నాలుగు వందలవుతుందన్నాడు. పంపించెయ్యనా?”

లైల్ సొరుగులోంచి లావుపాటి నిబంధనల పుస్తకం తీశాడు. “మిసెస్ టొలెఫ్సన్, వెయ్యి డాలర్లు దాటితే మూడు కొటేషన్లు ఉండాలండీ.”

“ఒక్కడే ఉన్నాడని చెబుతున్నానుగా.”

“ఒక్కడే ఉన్నాడని రుజువు చెయ్యడానికి వేరే ఫారం ఉంది. దానికి బడి బోర్డు అనుమతి కావాలి. ఆ ఫారం ఇలా వాడొచ్చా అని లాయరుగారు చూడాలి. జనవరికి తేలొచ్చు.” ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “మూడు కాగితాలొస్తే డిసెంబరు మీటింగులోనే పెట్టేస్తా. ఎవరివైనా పరవాలేదు, మూడుంటే చాలు.”

ఆ చివరి మాట అర్లిస్ చెవిలో పడింది. అక్కడే వచ్చింది చిక్కంతా.

ఒక కాగితం ఫిస్క్‌ది. రెండోదానికి ట్రాక్టర్ల షాపుకి వెళ్ళింది. వాళ్ళు పెద్ద వ్యాపారస్తులు, మొహమాటం లేదు. ‘ఈ పని మావల్ల కాదు’ అని ఒక్క ముక్క రాసి సంతకం చేసి ఇచ్చారు. ఇదేం కాగితంలే అని కోటు జేబులో కుక్కుకుంది. దానికి బదులు ఓరిన్ బక్కె దగ్గరికి వెళ్ళింది, మూడోది తర్వాత వెతకొచ్చనుకుంది. ఓరిన్ ఇనుపసామాన్ల కొట్టు నడిపేవాడు, వెనక షెడ్డులో వెల్డింగు కూడా చేసేవాడు. అర్లిస్‌కి పక్కింటివాడు.

“నేను జన్మలో మిక్సర్ విప్పలేదు కదా అర్లిస్.”

“నిన్నెవరు విప్పమన్నారయ్యా? ఒక పెద్ద అంకె రాసి కవరులో పెట్టి లైల్‌కివ్వు. నీది ఎక్కువుంటుంది, పని ఫిస్క్‌కి పోతుంది, నా చుట్టలు నాకొస్తాయి.”

“ఎంత పెద్దది?”

“అది నేను చెప్పకూడదంట. పెద్దది రాయి, అంతే.”

ఓరిన్ మెడ గోక్కున్నాడు. ఊరంతటికీ తెలిసిన మనిషి. తలుపు గొళ్ళెం బిగిస్తే కాఫీ తాగి వచ్చేసేవాడు, డబ్బు మాటెత్తితే పక్కకి చూసేవాడు. ఆ రాత్రి వంటింటి బల్ల ముందు కూచుని, పెన్సిలు కొన నాలుగుసార్లు చెక్కుకుని, తాను ఎన్నడూ ఎవర్నీ అడగనంత అంకె ఒకటి రాశాడు. చెమట పట్టిందట పాపం.

డిసెంబరు మొదట్లో లైల్ కవర్లు విప్పి అర్లిస్‌ని పిలిపించాడు.

“శుభవార్తండీ. మనకి ఆరువందలకే అయిపోతోంది.”

“ఫిస్క్ తగ్గించాడా?”

“లేదండీ. ఓరిన్ బక్కె. అందరికన్నా తక్కువ ఆయనదే. తక్కువ వేసినవాళ్ళకే ఇవ్వాలి, అది రూలు.”

అర్లిస్ ఎదురుగా ఉన్న కుర్చీలో కూలబడింది. “అయ్యో, వాడు పిచ్చిమారాజు. లైల్, వాడికి ఆ పని రాదు.”

“రాకపోతే రాదని రాయాల్సిందండీ. అది కూడా కాగితమే. ‘మావల్ల కాదు’ అని రాసిచ్చినా కొటేషన్ కిందే లెక్క.”

అర్లిస్ చెయ్యి దానంతటదే కోటు జేబులోకి పోయింది. ట్రాక్టర్ల షాపువాళ్ళ కాగితం నలిగి అక్కడే ఉంది; లైల్ దాన్నే మూడో కాగితంగా ఫైల్లో పెట్టుకున్నాడు. ఓరిన్‌తో కూడా ఆ ఒక్క ముక్కే రాయించి ఉంటే ఈపాటికి చక్రం దారిలో ఉండేది. పెద్ద అంకె వెయ్యమని నేర్పింది తనే. ఎవర్ని తిట్టుకోవాలో తెలియక తన్ను తానే తిట్టుకుంది.

తిన్నగా కొట్టుకి వెళ్ళి విరుచుకుపడింది. “ఆరువందలా? ఆరువందలు నీకు పెద్ద అంకా?”

“మనవాళ్ళ పిల్లల బడి అర్లిస్. అంతకన్నా రాయడానికి చెయ్యాడలేదు.”

“వద్దని రాసిచ్చెయ్, తప్పుకో.”

“తప్పుకుంటే మళ్ళీ మొదట్నుంచి పిలవాలంట, లైల్ చెప్పాడు. పైగా సంతకం పెట్టాను కదా.” ఓరిన్ అప్పటికే కోటు తొడుక్కుంటున్నాడు. “ఆ మిక్సర్ చూపించు.”

బోర్డు డిసెంబరులో ఒప్పుకుంది. పిల్లల సెలవుల్లో ఓరిన్ మిక్సర్ని నడవాలోకి లాగి పొట్ట విప్పాడు. చక్రం గుడ్డలో చుట్టుకుని, తన పాత ట్రక్కులో ఐదు గంటలు నడుపుకుంటూ ఫిస్క్ దగ్గరికే వెళ్ళాడు. ఫిస్క్ ఎంత తీసుకున్నాడో, పైది ఓరిన్ ఎక్కడ్నుంచి పెట్టాడో, అర్లిస్ ఎన్నిసార్లు అడిగినా, “మంచి మనిషిలే ఆయన, కాఫీ ఇచ్చాడు” అనేవాడు.

ఫిస్క్ ముసలాయన నెమ్మది మీద చేశాడు. ఈలోగా మంచుతుఫాను రెండుసార్లు రోడ్లు మూసింది. జనవరంతా పెట్టెల్లో చుట్టలే. పైన పంచదార పూత బొటనవేలితో తోస్తే మొత్తం ఒక్క ముక్కలా ఊడొచ్చేది. పిల్లలు ఆ పూత తిని చుట్ట వదిలేసేవారు. ఆ చెత్తడబ్బా మోసుకుపోయేటప్పుడు అర్లిస్ దాని మొహం చూసేది కాదు.

ఫిబ్రవరి రెండో సోమవారం మధ్యాహ్నం ఓరిన్ చక్రం తెచ్చాడు. కొత్త కంచు, అద్దంలా మెరుస్తోంది. ఆ సాయంత్రమే బోర్డు మీటింగు. ఆరువందలకి ఒప్పుకున్నందుకు వాళ్ళకొక మాట చెప్పి రావడం మర్యాద అనుకున్నారిద్దరూ. అర్లిస్ పళ్ళెం నిండా నిమ్మకాయ బార్లు, అవే పుల్లతీపి కేకు బిళ్ళలు, చేసింది. ఓరిన్ చక్రాన్ని తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, బడి గ్రంథాలయంలో వేసిన కుర్చీల్లో రెండో వరసలో కూచున్నాడు.

ఏడుగురు సభ్యులు. అధ్యక్షురాలు మార్లీన్ స్ట్రో. చర్చిలో అర్లిస్‌కి ముందు వరసలో కూచునే మార్లీనే, ముప్ఫై ఏళ్ళుగా ఆమె జడపిన్నులు ఈమె లెక్కపెడుతూనే ఉంది. కానీ బల్ల అవతలికి వెళ్తే మార్లీన్ గొంతు మారేది.

“ఆరో అంశం, సమ్మతి జాబితా. ఎ నుంచి కె దాకా. ఎవరైనా ఏదైనా విడిగా తీయాలా? లేదు. ప్రతిపాదన?”

“ప్రతిపాదిస్తున్నా.”

“బలపరుస్తున్నా.”

“అనుకూలం?”

“అవును” అని ఏడు గొంతులు. అంతా కలిపి అర్లిస్ తుమ్మినంతసేపు కూడా పట్టలేదు. రోజూ జరిగే చిన్నచిన్న పనులు అందులో మూటకట్టి ఒక్క ఓటుతో దాటించడం వాళ్ళ పద్ధతి. విడివిడిగా చదివితే తెల్లారిపోతుంది మరి.

ఓరిన్ పొద్దుపోక, కుర్చీ మీదున్న ఎజెండా కాగితం తీసి కళ్ళజోడు ముక్కుమీదికి లాక్కుని చదువుతున్నాడు. ఉన్నట్టుండి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

“అర్లిస్. జి చూడు.”

‘జి. అక్కరలేని సామాను అమ్మకం: విరిగిన బల్లలు పదకొండు, ప్రొజెక్టరు ఒకటి, పిండి మిక్సరు ఒకటి, పనిచేయదు.’

“ఇది… ఇప్పుడు అయిపోయిన దాంట్లోనా?”

“అయిపోయిన దాంట్లోనే.”

ఆమె లేవబోయింది. మార్లీన్ చేత్తో కూచోమని సైగ చేసింది. బయటివాళ్ళ మాటలు చివర్లో, పదమూడో అంశం. గంటన్నర కూచుంది అర్లిస్. పైకప్పు కారడం గురించి విన్నది, బస్సు టైర్ల గురించి విన్నది. వింటున్నంతసేపూ ఓరిన్ ఒళ్ళో కంచు చక్రం తువ్వాల్లోంచి తొంగిచూస్తోంది.

ఆమె వంతు వచ్చేసరికి మార్లీన్ నిమిషాలు లెక్కపెట్టి మోగే గంటొకటి బల్లమీద పెట్టింది. “మూడు నిమిషాలు, మిసెస్ టొలెఫ్సన్.”

“మార్లీన్, ఆ మిక్సర్ చెడిపోలేదు. చెడిపోయింది, కానీ మీరే బాగుచేయించారు. డిసెంబరులో మీరే అవునన్నారు. ఇదిగో చక్రం. ఓరిన్, చూపించవయ్యా. రేపు పొద్దున బిగిస్తే తిరుగుతుంది. దాన్ని అమ్మేస్తామని ఇందాక మీరే అవునన్నారు. ఏది అవును?”

ఒకాయన పెన్ను మూత తీసి పెట్టాడు.

“అడుగుతున్నా కదా. ఎవరన్నా చెప్పండి.”

మార్లీన్ గంట వంకే చూస్తూ అంది, “బయటివాళ్ళ మాటలు వినడమే మా పని. జవాబివ్వకూడదు. ఇంకా నిమిషమూ పది సెకన్లుంది మీకు.”

ఆ నిమిషమూ పది సెకన్లూ అర్లిస్ అలాగే నిలబడింది. మాట రాక కాదు, వచ్చిన మాటలు గ్రంథాలయంలో అనదగినవి కాక. గంట మోగింది. “థాంక్యూ” అన్నారు అందరూ, నిజంగా మర్యాదగానే.

తర్వాత అందరూ ఆమె నిమ్మకాయ బార్ల చుట్టూ చేరారు. “ఎంత బాగున్నాయి అర్లిస్!” మార్లీన్ గొంతు మళ్ళీ చర్చి గొంతైపోయింది. “నిన్న ప్రార్థన తర్వాత నాతో ఒక్క మాట అనలేకపోయావా?”

“నిన్న నాకు తెలీదు మార్లీన్.”

“ఎజెండా మూడు రోజులుగా బడి తలుపుకి అంటించే ఉందిగా.”

“నువ్వు చదివావా?”

మార్లీన్ నోట్లో బార్ ఉంది. నమలడం పూర్తయ్యాక, “మంచు ఎక్కువ కాకముందే బయల్దేరాలి” అంది.

అర్లిస్ లైల్‌ని కోట్లు తగిలించే చోట పట్టుకుంది. “నువ్వే రాశావు కదూ ఆ జాబితా.”

లైల్ తల దించుకున్నాడు. “జనవరిలో సామాన్ల లెక్క తీశానండీ. నడవాలో పొట్ట విప్పి ఉంది. కాగితంలో రెండు గడులే. పనిచేస్తుంది, పనిచేయదు. ‘బాగుచేస్తున్నారు’ అన్న గడి లేదు. పనిచేయదు మీద టిక్కు పెట్టాను. ఆ టిక్కు పడినవన్నీ నేరుగా జాబితాలోకి వెళ్ళిపోతాయి.”

“నీ కళ్ళముందే కదయ్యా ఓరిన్ దాన్ని విప్పింది!”

“నిజమే. కానీ ఆరోజు అది పనిచేయలేదు కదండీ.”

ఆమెకి వాడి చెవి మెలెయ్యాలనిపించింది. నలభై ఏళ్ళవాడు, పుస్తకాన్ని అంటిపెట్టుకున్నవాడు. ఒక్క కాగితం తప్పినా ఆడిటరు తన్నే నిలదీస్తాడని రాత్రులు నిద్రపోని మనిషి. మెలెయ్యలేదు. “ఇప్పుడేం చెయ్యాలి?” అంది.

“వచ్చే నెల మీటింగులో వెనక్కి తీసుకోవాలంటే, అవునన్నవాళ్ళలో ఒకరు లేచి తప్పు చేశామనాలి. ఈలోపు పేపర్లో ప్రకటన వెళ్ళిపోతుంది.”

ఆ ఏడుగురిలో లేచి తప్పు చేశామనేవాళ్ళెవరా అని అర్లిస్ ఒక్కొక్క మొహం తలుచుకుంది. ఏడో మొహం దాకా వెళ్ళకముందే ఆశ వదులుకుంది. “సరే, అమ్మేది సీలు కవర్లలో వేలం పెట్టేగా? నేనే కొంటాను.”

“బడిలో పనిచేసేవాళ్ళు కొనకూడదండీ.”

అలా మళ్ళీ ఓరిన్ కొట్టుకే వచ్చింది సంగతి. అర్లిస్ గల్లాపెట్టె మీద రెండు చేతులూ ఆనించింది.

“ఓరిన్, ఈసారి ఎక్కువ వేసినవాడిదే సామాను. తక్కువ కాదు, ఎక్కువ. పాత ఇనుము కొనేవాడు పక్క జిల్లానుంచి వేస్తాడంట. నీకు దణ్ణం పెడతాను, పెద్ద అంకె రాయి.”

“పెద్దదంటే?”

“ఇంకోసారి ఆ ప్రశ్న అడిగావంటే నీ మీద మేకులు కుమ్మరిస్తా.”

మార్చి మధ్యలో కవర్లు విప్పారు. ఇనుప వ్యాపారిది రెండువందల పది. తర్వాతది ఓరిన్‌ది.

“ఆరువందలు” అని చదివాడు లైల్.

బయటికొచ్చాక ఓరిన్ సిగ్గుపడుతూ, “ఒకసారి రాశాను కదా, ఆ అంకె చేతికి అలవాటైంది” అన్నాడు. బడి తనకిచ్చిన ఆరువందలూ తిరిగి బడికే పోయాయన్నది ఆయనకి తట్టలేదో, తట్టినా చెప్పలేదో.

ఇక మిక్సర్ ఓరిన్‌ది, చక్రం బిగించి తిరుగుతోంది కూడా, కానీ ఎక్కడ? ఆయన షెడ్డులో! బయటివాళ్ళ యంత్రాన్ని బడి వంటగదిలో పెట్టకూడదు. ఉచితంగా ఇస్తానన్నాడు. ఉచితంగా పుచ్చుకోవాలంటే బోర్డు ఒప్పుకోవాలి. లైల్ మళ్ళీ పుస్తకం తెరిచి, మళ్ళీ ఫారం తీసి, ఈసారి తనే రాశాడు. రాసేముందు పెన్ను రెండు నిమిషాలు పట్టుకుని కూచున్నాడట. ‘ఏప్రిల్, ఆరో అంశం, హెచ్. ఓరిన్ బక్కె విరాళం, వంటగది పరికరం ఒకటి.’ మిక్సర్ అన్న మాట రాయలేదు. పరికరం అన్నాడు.

“మిక్సర్ అని రాస్తే ఎవరో ఒకరు ఆగి, ఇది మనం అమ్మిందే కదా అంటారండీ. భీమా అంటారు, లాయరంటారు, మే నెల అంటారు” అన్నాడు నేల చూస్తూ. ఆ పుస్తకం మనిషి పుట్టి బుద్ధెరిగాక చేసిన మొట్టమొదటి గడుసుతనం అదే అయ్యుంటుంది.

మే అంటే అర్లిస్ వెళ్ళిపోయే నెల. కొత్త వంటమనిషి అప్పటికే వచ్చి వంటగది చూసి, మంచుపెట్టెల తలుపులు తీసి, “పని తేలికే” అని వెళ్ళింది.

ఏప్రిల్ మీటింగుకి అర్లిస్ ఏమీ వండి తీసుకురాలేదు. ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంది. మన ఊళ్ళో అంతకన్నా గట్టిగా ఎవరూ కోపం చూపించలేరు. అందరూ ఖాళీ బల్ల వంక చూసి, చూడనట్టు సర్దుకున్నారు.

“ఆరో అంశం, ఎ నుంచి ఎమ్ దాకా. ఎవరైనా విడిగా తీయాలా?”

“ఒకటి తీయాలి” అంది ఒక గొంతు.

అర్లిస్ కుర్చీ అంచుకి జరిగింది. ఫిబ్రవరిలో ఈ ఒక్క మాట ఎవరైనా అంటే బాగుండునని రెండు నెలలు కుమిలిపోయిన మనిషి, ఇప్పుడు ఎవరూ అనకూడదని పళ్ళు బిగించుకు కూచుంది.

“డి. ఫుట్‌బాల్ జట్టు హెల్మెట్లు. ఆ ఎరుపు మన ఎరుపు కాదు.”

ఎరుపు గురించి నలభై నిమిషాలు మాట్లాడారు. ముగ్గురు లేచారు, ఒకావిడ పాత చొక్కా తెచ్చి పక్కన పెట్టి చూపించింది. ఆ నలభై నిమిషాలూ అర్లిస్‌కి ఒళ్ళు మండిపోయింది. పిల్లల తలమీది రంగు మీద ఇంత మాట్లాడేవాళ్ళకి, పిల్లల కడుపులోకి పోయేదాని మీద ఒక్క నిమిషం లేకపోయిందా! చివరికి మార్లీన్, “మిగతావి? ప్రతిపాదన? అనుకూలం?” అంది.

“అవును” అన్నారు ఏడుగురూ. హెచ్ ఏమిటో ఒక్కరూ చదవలేదు. చదవకుండా తీసుకుపోయినదాన్ని చదవకుండానే తెచ్చిచ్చారు.

తర్వాతి బుధవారం తెల్లవారకముందే మిక్సర్ మోగింది. అర్లిస్ కొత్త వంటమనిషిని పిలిపించి, పిండి చేతికి అంటుకోకుండా చెంపంత మెత్తగా అయ్యేదాకా పక్కనే నిలబెట్టింది. “ముట్టుకో. ఇదీ గుర్తు. యంత్రం ఆపేది ఇక్కడ” అంది. ఆ పిల్ల మొదట ఒక వేలితో ముట్టుకుంది, తర్వాత అరచేత్తో.

మధ్యాహ్నం లైల్ పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడ్డాడు. అర్లిస్ వాడి పళ్ళెంలో మధ్యలోంచి తీసిన మెత్తటి చుట్ట పెట్టి, గరిటె చూపించింది.

“ఆ కాగితంలో మూడో గడి గీశావా?”

“గీద్దామనే ఉందండీ. కొత్త ఫారానికి బోర్డు ఆమోదం కావాలి. మూడు ప్రింటింగ్ ప్రెస్సుల నుంచి…”

“నాకు చెప్పకు. చల్లారిపోతుంది, తిను.”

అదీ సంగతి. అర్లిస్ మేలో దిగిపోయింది, మిక్సర్ ఇంకా మోగుతూనే ఉంది, ఆ కాగితంలో ఇప్పటికీ రెండు గడులే. మీలో ఎవరో ఒకరు రేపు ఆ బల్ల అవతల కూచుంటారు, నాకు తెలుసు. అప్పుడు అవును అనేముందు జి దాకా చదవండి. మీ పిల్లలకి ఈ కథ చెప్పేటప్పుడు చుట్టలు మర్చిపోయినా పరవాలేదు, తువ్వాల్లో చుట్టిన చక్రం ఒళ్ళో పెట్టుకుని ఓరిన్ గంటన్నర కూచున్నాడని మాత్రం మర్చిపోకుండా చెప్పండి.